లాడ్ బజార్‌లో అక్క చేతికెక్కిన గాజులు

రండి, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. ఫ్యాను గాలి తగిలేచోటే కూర్చోండి గానీ చెవి మాత్రం నా వైపు పెట్టండి. పొయ్యి మీద చాయ్ మరుగుతోంది. అది గ్లాసుల్లోకి వచ్చేలోపు మా అక్క గాజుల సంగతి మొదలుపెడతాను.

మేమిద్దరమే అక్కాచెల్లెళ్ళం. పుట్టింది కొత్తపేటలో. ఇప్పుడు మెట్రో స్తంభాలు నిలబడ్డ రోడ్డుకు కాస్త లోపలికి పోతే మా నాయిన మల్లెతోట ఉండేది. ఈనాడు అక్కడ అపార్టుమెంట్ల మధ్య ఒక బట్టల ఇస్త్రీ బండి నిలబడుతుంది. అటుగా పోయినప్పుడల్లా నాకు మాత్రం తడి మట్టి వాసనే వస్తుంది. అక్కను ఆ ఊళ్ళోనే ఇచ్చారు. నన్నిచ్చింది ఇప్పుడు అందరూ ఎల్బీనగర్ అంటున్న చోటికి. కూతవేటు దూరం. కలవాలంటే పండుగ రానక్కరలేదు మాకు.

చిన్నప్పుడు మొగ్గలు కోసి తడిబట్టలో చుట్టి అమ్మ మమ్మల్ని వెంటబెట్టుకుని పట్నం పోయేది. దిల్‌సుఖ్‌నగర్ దాకా నడక, అక్కడినుంచి బస్సు. ఆ బస్సు చాదర్‌ఘాట్ దగ్గర ఒకసారి మూసీ దాటేది, అఫ్జల్‌గంజ్ పోయి నయాపూల్ మీద మళ్ళీ దాటేది. ఒక్క నదిని రెండుసార్లు దాటడం మా ఇద్దరికీ పెద్ద వింత. రెండోసారి దాటేటప్పుడు అక్క నా చెవిలో, "డ్రైవరు తొవ్వ మర్చిపోయిండే" అనేది, ప్రతిసారీ అదే మాట, నేను ప్రతిసారీ నవ్వేదాన్ని.

గుల్జార్ హౌజ్ దాటి చార్మినార్ అవతలి పూల దుకాణాల దాకా, మొగ్గల గంప నెత్తిన పెట్టుకుని అమ్మ గబగబా నడిచేది. ఆ రద్దీలో మేం తప్పిపోతామని భయం ఆమెకు. "పైకి సూసుకుంట నడవకుండ్రి. నా కొంగే సూడుండ్రి," అని ఒకటే చెప్పుడు. అందుకని చార్మినార్ కింద నుంచి ఎన్నిసార్లు పోయామో గానీ మాకు తెలిసింది దాని పాదాలూ, మా అమ్మ కొంగు అంచూ, అంతే. పండుగ ముందు మాత్రం లాడ్ బజార్‌లోకి తిప్పేది. గాజులాయన ముందు కూర్చుని చేతులు ఇచ్చేవాళ్ళం. అక్కకు గాజులంటే ప్రాణం. తిండి మానేయమన్నా మానేసేది గానీ గాజు లేని చేత్తో నీళ్ళు కూడా తోడేది కాదు.

గాజుల విషయంలో అమ్మకు ఒక పట్టింపు ఉండేది. ఇంకొకరు తొడిగిన గాజు ఆ రోజే తీయకూడదు. "గాజు మన చేతి మీద ఒక రాత్రి నిద్ర చెయ్యాలె. తెల్లారినంక నీ ఇష్టం," అనేది. బిగుతైనా, గీసుకుపోతున్నా, రంగు నచ్చకపోయినా సరే. ఒకసారి నాకు ఊదారంగు వద్దని బజారులో కూర్చుని ఏడ్చాను. అయినా ఆ రాత్రి వాటితోనే పడుకోబెట్టింది. తెల్లారేసరికి నాకే నచ్చేశాయి, అది వేరే సంగతి.

అమ్మ పోయి ఎన్నో ఏళ్ళయినా ఆ పట్టింపు మా ఇద్దరిలోనూ అట్లాగే ఉండిపోయింది. ఈ ఒక్క సంగతీ గుర్తుపెట్టుకోండి.

మా బావ పోయిన పదో రోజున అక్క చేతి గాజులు పగలగొట్టారు. ఆ తరువాత ఆమె చేతులు ఎప్పుడూ కొంగు కిందే. రంగు చీరలు కట్టేది, చిన్న బొట్టు పెట్టేది, కొడుకూ కోడలూ దేనికీ కాదనలేదు. కానీ శుభకార్యం అంటే చాలు, వంటవాళ్ళ దగ్గర కూర్చుని కూరగాయలు తరిగించేది. పందిట్లోకి రమ్మంటే, "ఈడికెల్లి అన్నీ ఇనబడుతున్నయ్ లే" అనేది. నేను లాగినా రాలేదు. ఎట్లా లాగుతాం, ఆ మొఖం చూస్తూ.

పోయినేడు అక్క మనవరాలికి పెళ్ళి కుదిరింది. కొడుకు బిడ్డ. హైటెక్ సిటీలో ఉద్యోగం. బాపమ్మ అంటే దానికి వెర్రి. నిశ్చయమైన రోజే అది తేల్చి చెప్పింది.

"బాపమ్మా, నా తల మీద ఫస్టు అక్షింతలు నువ్వే ఎయ్యాలె. నువ్వు ఎయ్యంది నేను ఎవ్వరి ముందటా తల వంచ."

"పిచ్చి మాటలు మాట్లాడకు. నేను లోపల కూసుంట. అంతే," అంది అక్క.

"నేను గూడ లోపలే కూసుంట. పెండ్లి ఆన్నే చేసుకుంట, ఉల్లిగడ్డల మధ్యల."

అందరం నవ్వాం. అక్క నవ్వలేదు. పిల్లా నవ్వలేదు. ఇద్దరూ ఒకే మూసలో పోసినట్టుంటారు, పట్టుదలలో కూడా.

తరువాత కొన్నాళ్ళకు ఆ పిల్ల ఫోనులో ఏదో నొక్కి, మా ఇద్దరికోసం పట్నం చూపించే ఏర్పాటు చేసింది. కారు, గైడు, రోజంతా మా ఇద్దరికే.

"మన పట్నం మనకు సూపెట్టనీకి ఒక మనిషి ఎందుకే?" అంది అక్క.

"మీరు చూసిందేంది? మీ అమ్మ కొంగు చూసిన్రు. ఇప్పుడు పైకి చూడుండ్రి," అంది పిల్ల. అని, మెల్లగా ఇంకో మాట అతికించింది. "వచ్చేటప్పుడు లాడ్ బజార్‌ల నా పెండ్లి గాజులు తెండ్రి. నాకు ఆఫీసుల లీవు లేదు. నీ చెయ్యి, నా చెయ్యి ఒక్కటే కొలత కదా."

అక్క మొఖం మాడ్చుకుంది. పెళ్ళికూతురి గాజులు తను ముట్టకూడదంది. నన్ను చేయి ఇమ్మంది. నా చెయ్యా! రొట్టెలు చేసి చేసి లావెక్కిన చెయ్యి. చివరికి అక్క కొలత మాత్రం ఇస్తుంది, ఒక్క గాజు పిడికిలి దాకా పెట్టి చూసి తీసేస్తారు, ముట్టుకునేదీ కొనేదీ నేను అని ఒప్పందం కుదిరింది.

అక్క కోడలి గురించి కూడా చెప్పాలి. వాళ్ళది గుంటూరు వైపు. చాలా కాలం కిందే దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డ కుటుంబం. ఏ పని ఏ వేళ చేయాలో, ఏ వారం ఏది కొనకూడదో ఆమె చెప్పిందే లెక్క. మనిషి మాట మెత్తన, ఆచారం గట్టి. మేం కారెక్కుతుంటే గేటు దాకా వచ్చి, "అత్తయ్యా, ఎండలో తిరక్కండి. చిన్నత్తయ్యగారూ, మీరు కాస్త చూసుకోండి," అంది. గాజుల గురించి ఏమీ అనలేదు. అనలేదంటే అక్కకు ఇంకా భయం.

గైడు పాతబస్తీ పిల్ల. ముప్పై దాటి ఉంటాయి. కాటన్ చుడీదారు, చేతిలో గొడుగు. మమ్మల్ని పొద్దున గోల్కొండకు తీసుకుపోయింది. పైకి ఎక్కలేమని ముందే తెలుసుకుని గుమ్మటం కిందే నిలబెట్టి, "పెద్దమ్మా, ఇక్కడ చప్పట్లు కొట్టండి. కొండ మీద ఉన్నోళ్ళకు వినిపిస్తది," అంది. నేను కొట్టాను. చప్పుడుతో పాటు నా గాజులు గలగలమన్నాయి. ఆ గలగల కూడా కొండెక్కి పోయినట్టే అనిపించింది. తరువాత అక్క కొట్టింది. పొడి చప్పుడు. అక్క ఒకసారి తన చేతులు చూసుకుని, కొంగు కప్పుకుంది. ఆ గైడు పిల్ల గొడుగు సర్దుకుంటోంది, చూడలేదు. నేను చూశాను.

మధ్యాహ్నం ఏదో హోటల్లో బల్ల మాట్లాడిపెట్టిందట ఆ పిల్ల. మేం తెచ్చిన డబ్బాలు విప్పేసరికి ఆమె ప్లాను అంతా పోయింది. కోట తోటలో చెట్టు నీడన చద్దరు పరిచి, సర్వపిండి, పచ్చిపులుసు, అక్క చేసిన పెరుగన్నం పెట్టుకున్నాం. కారు డ్రైవరును పిలిచి కూర్చోబెట్టాం.

"అమ్మా, టూర్‌ల గెస్టులు నాకు తినిపియ్యరు. నేను వాళ్ళకు తినిపించాలె," అంటూనే గైడు పిల్ల సర్వపిండి ఇంకో ముక్క తీసుకుంది.

"తినే నోరుతోని తిను, చెప్పే నోరుతోని తర్వాత చెప్పు," అంది అక్క.

"నాకు ఉన్నది ఒకటే నోరు పెద్దమ్మా!"

"అయితే ముందుగాల తిను."

ఆ తరువాత చౌమొహల్లా. నవాబుల దర్బారు. పైన గాజు దీపాల గుత్తులు చూసి నోరు తెరిచాం. గైడు పిల్ల అవి ఏ దేశం నుంచి తెప్పించారో, ఎట్లా వెలిగించేవారో చెబుతోంది. అక్క తల పైకెత్తి చాలాసేపు చూసి, "బిడ్డా, వీటి దుమ్ము ఎవరు దులుపుతరు? ఎట్ల ఎక్కుతరు?" అంది. ఆ పిల్ల పకపకా నవ్వి, అక్కడి కాపలాదారును పిలిచి అడిగింది. ఆయన కర్రలూ, నిచ్చెనలూ, మెత్తని గుడ్డలూ, ఒక్కొక్క పూసా విప్పి కడిగి మళ్ళీ తగిలించడం, అంతా చేతులతో చేసి చూపిస్తూ చెప్పాడు. అక్కకు నవాబుల కంటే ఆ సంగతి నచ్చింది.

సాయంత్రానికి చార్మినార్. కార్లు అంత దూరం రానివ్వరు ఇప్పుడు, కొంచెం నడిచాం. ఎవరి కొంగూ పట్టుకోకుండా నడిచాం. ఆ పిల్ల సరిగ్గా మధ్యలో మమ్మల్ని నిలబెట్టి, "ఇప్పుడు పైకి చూడండి," అంది.

చూశాం. పైన ఒక మసీదు ఉందట, అది కూడా మాకు తెలియదు. ఆమె చెబుతూనే ఉంది, అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏయ్... పూలే! గోడల నిండ పూలే ఉన్నయ్ కదనే!"

నిజమే. సున్నంతో దిద్దిన పూలు. తలుపుల అంచులకు, గోడలకు, కమానులకు ఎక్కడ చూస్తే అక్కడ పూలే. నెత్తిన మల్లెమొగ్గల గంప పెట్టుకుని మా అమ్మ వాటి కిందినుంచి ఏళ్ళ తరబడి నడిచింది, ఒక్కసారీ తల ఎత్తలేదు. గంప పడిపోతుందని ఆమె ఎత్తలేదు, తప్పిపోతామని మమ్మల్ని ఎత్తనివ్వలేదు. అక్క కళ్ళు తుడుచుకుని, "ఆమెను తోలుకొస్తే బాగుండు," అంది. ఆ గైడు పిల్ల గొడుగు మా ఇద్దరి మీదా పట్టి నిలబడింది.

ఆ మనసుతోనే లాడ్ బజార్‌లోకి పోయాం. ఆ పిల్లకు తెలిసిన దుకాణం. గద్దె మీద ఒక ముసలాయన. తెల్ల గడ్డం, దళసరి కళ్ళద్దాలు. ఆయన మనుషుల మొఖాలు చూడడు, ముందుకు వచ్చిన చేతులే చూస్తాడు. నేను కొలత సంగతి చెప్పి, పెళ్ళికూతురికి ఎరుపూ ఆకుపచ్చా అని, అక్క చేతిని ముందుకు పెట్టించాను. గైడు పిల్ల నాకు జరీ గాజుల పెట్టెలు విప్పి చూపిస్తోంది. నా కళ్ళు అటే పోయాయి.

ముసలాయన అక్క చెయ్యి అందుకున్నాడు. "చెయ్యి ఢీలా వదలు అమ్మా," అంటూ బొటనవేలి కింద కండను పిసికి, వేళ్ళన్నీ ఒక దగ్గరికి నొక్కి, ఒక గాజు పిడికిలి దాకా ఎక్కించాడు. అక్కడితో ఆగాలి కదా. ఆగలేదు. ఆయన పద్ధతి వేరు. ఒక్క గాజు ఏ చేతికైనా ఎక్కుతుంది, చెయ్యి నిండుగా వేస్తేనే సైజు సరిగ్గా తెలుస్తుంది అని ఆయన లెక్క. గాజు మీద గాజు, గాజు మీద గాజు. ఒక చెయ్యి నింపి, రెండోది కూడా తీసుకున్నాడు. అక్క చూపు మాత్రం సందు చివర కనబడుతున్న చార్మినార్ మీదే ఉంది. ఆమె చేతికి ఆ పిసుకుడు తెలుసు, ఆ చల్లదనం తెలుసు. చిన్నప్పటిలాగే చెయ్యి వదిలేసింది.

గలగల విని నేను తిరిగేసరికి రెండు చేతులూ నిండి ఉన్నాయి.

"అన్నా, ఆగు! ఆగు! ఆమెకు కాదు!" అని అరిచాను.

"బస్, అయిపాయె. ఏక్‌దం ఫిట్టు. బిడ్డకు గిదే సైజు ఇస్తా," అన్నాడాయన.

అక్క అప్పుడు చూసుకుంది. గైడు పిల్లకు విషయం అర్థమై ఆయనకు ఉర్దూలో చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి మొదటిసారి అక్క మొఖం చూశాడు. "మాఫ్ చెయ్యి అమ్మా, నాకు తెల్వదు," అని రెండు చేతులూ జోడించాడు. బిగువుగా ఎక్కిన గాజులు, ఊరికే రావట. "సబ్బునీళ్ళు తెప్పిస్తా. సమయం పడ్తది. లేకుంటే... పలగ్గొట్టాలె," అన్నాడు.

పలగ్గొట్టడం అనేసరికి అక్క రెండు చేతులూ గుండెకు అదుముకుంది.

"ఒద్దు. ఇంకోసారి ఒద్దు."

"సబ్బునీళ్ళతోనే తీద్దాం అక్కా," అన్నాను.

అక్క నా మొఖం చూసింది. ఆమె ఏం ఆలోచిస్తోందో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అదే ఆలోచిస్తున్నాను. వేరే చేత్తో తొడిగిన గాజు.

"అమ్మ ఏమనేది?" అంది నెమ్మదిగా.

"ఒక రాత్రి నిద్ర చెయ్యాలె అనేది."

పెట్టుకోకూడని గాజులు, తీయకూడని గాజులు. అక్క ఆ రెంటి మధ్యా కూర్చుని ఉంది. చివరికి లేచి, "తెల్లారి తీస్త. పా," అంది. పెళ్ళికూతురి గాజుల పెట్టె నేను పట్టుకున్నాను. ముసలాయన అక్క చేతి గాజులకు ఏమీ తీసుకోలేదు.

దారి పొడుగునా అక్క చేతులు కొంగు కిందే పెట్టుకుంది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా అవి బయటపడిపోయేవి. మలక్‌పేట దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, "మా ఇంట్ల ఏమంటరో," అంది. అంతే. గైడు పిల్ల దిగిపోయేముందు అక్క రెండు చేతులూ పట్టుకుని, "పెద్దమ్మా, నేను చెప్పాల్సింది ఆయనకు," అంది. "నువ్వు పూలు సూపెట్టినవ్ బిడ్డా, అది చాలు," అంది అక్క.

ఇంటి గేటు దగ్గర కోడలు నిలబడి ఉంది. అక్క కారు దిగేటప్పుడు తలుపు పట్టుకోక తప్పలేదు. గాజులు కోడలి కళ్ళ ముందే మోగాయి. కోడలు చూసింది. అక్క తల దించుకుని జరిగింది జరిగినట్టు చెప్పింది.

"తెల్లారి సబ్బునీళ్ళు పెట్టు బిడ్డా. తీసేస్త."

"అలాగే అత్తయ్యా. కాళ్ళు కడుక్కోండి, కాఫీ పెడతాను," అంది కోడలు. ఆ మొఖంలో ఏముందో నాకు అందలేదు. అందుకే ఆ రోజు నేను ఎల్బీనగర్ పోలేదు, అక్క దగ్గరే ఉండిపోయాను.

పొద్దున కోడలు స్టీలు గిన్నెలో సబ్బునీళ్ళు తెచ్చింది. వరండాలో పీట వేసి, అక్క చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. గాజులను ఒకసారి పైకి జరిపింది, ఒకసారి కిందికి జరిపింది. గిన్నెలో వేలు పెట్టి తీసింది.

"నీళ్ళు చల్లారిపోయాయి అత్తయ్యా. చల్లనీళ్ళతో రావు. రేపు తీద్దాం లెండి."

గిన్నెలోంచి ఇంకా పొగ లేస్తోంది. నేను పక్కనే ఉన్నాను. నా కళ్ళు ఇంకా అంత పాడవలేదు.

మర్నాడు ఫోను చేస్తే కార్డులు పంచడానికి పోయారట, తీరిక లేదట. ఆ తరువాత, "శుక్రవారం గాజులు తీయకూడదండీ" అంది కోడలు. ఆ తరువాత అమావాస్య. ఆ తరువాత సబ్బు అయిపోయిందట! కొత్తపేటలో సబ్బు దొరకలేదట! మొదట్లో అక్క ప్రతి పొద్దునా చెయ్యి చాపి కూర్చునేది. తరువాత అడగడం మానేసింది. ఒకరోజు నేను పోయేసరికి రైతుబజార్ నుంచి తెచ్చిన చిక్కుడుకాయలు ఒలుస్తోంది, చేతులు కొంగు బయటే ఉన్నాయి.

పెళ్ళికి ముందు మా బావ చెల్లెలు హయత్‌నగర్ నుంచి దిగింది. ఆమె నోరు మీకు తెలియదు. గడప దాటకముందే, "ఏందొదినె, చేతులు గలగలమంటున్నయ్?" అంది అందరి ముందూ.

వంటింట్లోంచి కోడలు వచ్చి నిలబడింది.

"గాజులు బిగుసుకుపోయాయి పిన్నీ. ఎంత లాగినా రావడం లేదు. మీరు లాగి చూస్తారా? చెయ్యి కోసుకుంటే ఆస్పత్రికి మీరే తీసుకెళ్ళాలి మరి," అంది అదే మెత్తని గొంతుతో.

అప్పటికే ఇంటిపనికి అక్క చేతులు చిక్కి, ఆ గాజులు వదులై మోచేతి దాకా జారుతున్నాయి. హయత్‌నగర్ ఆమె చూడక కాదు. చూసి, "నాకెందుకమ్మా," అని మంచినీళ్ళు అడిగింది.

నేను ఉండబట్టలేక కోడలిని పక్కకు పిలిచి అడిగాను. ఇంత ఆచారం పట్టే మనిషివి, ఎందుకిట్లా చేస్తున్నావని. ఆమె చేతిలో ఉన్న గంటె అట్లాగే పట్టుకుని చెప్పింది.

"మావయ్యగారి పదో రోజున ఆ గాజు పెంకులు ఊడ్చింది నేనే చిన్నత్తయ్యగారూ. ఇంకోసారి ఊడవలేను."

పెళ్ళినాడు అక్క వంటవాళ్ళ దగ్గరే కూర్చుంది. పెళ్ళికూతురు పీటల మీద తల ఎత్తి కూర్చుని, అన్న మాట మీదే నిలబడింది. పంతులుగారు ఒకటికి రెండుసార్లు, "తల వంచమ్మా" అన్నారు. వంచలేదు. అందరూ ఒకరి మొఖాలొకరు చూసుకుంటుంటే కోడలు పందిట్లోంచి లేచి, వంటల వైపు నడిచి, అత్తగారి చెయ్యి పట్టుకుంది. చెయ్యి పట్టుకోగానే గాజులు మోగాయి. ఇక దాక్కోవడానికి ఏముంది? అక్క వచ్చింది. పళ్ళెంలోంచి అక్షింతలు తీసి, రెండు చేతులతో పిల్ల తల మీద చల్లింది. అదే ఎరుపూ, అదే ఆకుపచ్చా ఆ పిల్ల చేతులకూ ఉన్నాయి. పిల్ల అప్పుడు తల వంచింది.

హయత్‌నగర్ ఆమె కూడా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది, నిజం చెప్పాలి కదా.

ఇప్పుడు కూడా అక్క ఇంటికి పోతే, మెట్లెక్కుతుండగానే నాకు ఆమె లోపల ఏ గదిలో ఉందో తెలిసిపోతుంది. ఆ స్టీలు గిన్నె వరండాలోనే ఉంది. కోడలు దాంతో తులసికి నీళ్ళు పోస్తోంది. అడిగితే మాత్రం, "రేపు తీద్దాం లెండి," అంటుంది ఇప్పటికీ.

అదిగో, చాయ్ పొంగింది, తాగి వెళ్ళండి. మీ ఇంట్లో ఆడవాళ్ళ చేతుల గలగల ఎన్నడూ ఆగకుండా ఉండాలి. మీ ఇంటి పెద్దలు పందిట్లో ముందు వరసలో కూర్చోవాలి. వంటింట్లో దాక్కున్నవాళ్ళను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చే మనిషి మీ గడప లోపల ఎప్పుడూ ఒకరుండాలి. పిల్లాజెల్లాతో చల్లగా ఉండండి.